రేవుగదిలోని పదునారు బ్యాటరీలు

ఆశ్వయుజ మాసము కడముట్టుచుండెను. ఈశాన్యపు గాలి యింకను తన దిక్కు తేల్చుకొనక యొకపూట నేలవైపునకును మరియొకపూట నీటివైపునకును తిరుగాడుచు కొత్తమొగ రేవునందలి సరుగుడుతోపులను సన్నగా మూలిగించుచుండ, గోదావరీశాఖ యొకటి వండ్రుతో నెర్రనైన నీటిని సముద్రనీలిమలోనికి జొనిపి చాలదూరమువరకు దానితో గలియక వేరొక త్రోవయై పారుచుండ, తీరమున నారవేసిన వలల సందులనుండి యెండుచేపల వాసనయు డీజిలు వాసనయు నొండొంటితో బెనవైచుకొని పైకెగయుచుండ, వేట ముగించుకొని వచ్చిన మరపడవల కొయ్యకొనలపై కొంగలు రెక్కలు దించుకొని తపస్సు చేయువారివలె నిలిచియుండెను. సూర్యుడు నడినెత్తికి వచ్చినను మబ్బుపొర చాటున నుండుటచే నీడలు లేని యొకానొక విచిత్రమైన వెలుతురు తీరమంతటను బరచుకొనియుండెను.

ఆ రేవునకు దక్షిణముగా నిసుకతిన్నెపైన మత్స్యకారుల సహకారసంఘమువారి వైర్‌లెస్ గది యుండెను. అందొక కంప్యూటరు తెరమీద సముద్రముననున్న ప్రతి మరపడవయు నొక పచ్చని చుక్కయై కానవచ్చును. పడవ నడుపు సరంగు పలికిన మాట గదిలో వినబడును. గదిలో బలికిన మాట యామడల యవతలనున్న సరంగునకు వినబడును. గాలివాన లేచినదే తడవుగా ఆ యూరికి కరెంటు పోవుట పరిపాటి. పడవలకు దారి చెప్పవలసిన వేళనే గది మూగవోవకుండ, ప్రక్కనున్న రేకులకొట్టులో నినుపచట్రముమీద పదునారు బ్యాటరీలు బారులుతీర్చి యూపీఎస్ యంత్రముతో గూర్పబడియుండెను. కరెంటున్నంతసేపు నవి నిండుచుండును. అది పోయిన క్షణముననే తమలో దాచుకొన్న శక్తిని ధారవోసి తెర యారిపోకుండ గాపాడును.

ఈ గదికి పందొమ్మిది సంవత్సరములుగా లోవరాజు కావలివాడును కర్తయునై యుండెను. అతడు చదివినది యెనిమిదవ తరగతియే యైనను చేతిపనియందు నేర్పరి. ఒకయేట పెనుతుపాను వచ్చి రెండుదినములు కరెంటులేక యూరంతయు నీటిపాలైన వేళ ట్రాక్టరు బ్యాటరీలను మోకాటిలోతు నీటిలో భుజములపై మోసికొనివచ్చి గదికి దగిలించి పదునేడు పడవలను మాటతోనే మొగలోనికి దెచ్చిన ఘనత వానిది. ఆనాడు సంఘమువారు నలుగురిలో వాని కుడిచేతికి వెండికడియము దొడిగిరి. నాటినుండి యా కడియము స్నానమునందును నిద్రయందును వాని చేతినుండి దిగలేదు. గోదావరి సముద్రమున గలియు ఆ మొగలో నిసుకమేటలు వరదవరదకు చోటు మార్చుచుండును. నేడు నీరున్నచోట రేపు నేల యుండును. ఏ మేట యెక్కడ నున్నదో తెరను జూడకయే చెప్పగలవాడు ఆ తీరమున లోవరాజొక్కడే.

ఆ యేటి యాషాఢమున సంఘమువారు నూకరత్నమను నొక యువతిని గదికి ఇంజనీరుగా నియమించిరి. ఆమె ఉప్పాడ తీరమున వలలు కుట్టు నింట బుట్టి కాకినాడలో ఎలక్ట్రికల్ డిప్లొమా చదివినది. ఇరువదియారేండ్ల ప్రాయము. మాట మెత్తన, పని కచ్చితము. వచ్చిన పక్షము దినములకే సరంగులందరి గొంతులు నామె గుర్తుపట్టెను. ఆమె గొంతును వారు గుర్తుపట్టిరి. సముద్రమధ్యమునుండి "అమ్మాయి ఉందా?" యను ప్రశ్న తొలిసారి వినబడినపుడు లోవరాజు నవ్వి యామెకు మైకు నందించెను. రెండవసారి నవ్వక యందించెను. మూడవసారి తనకు వినబడనట్లు నటించి సంచిలోని చుట్టను వెదకుకొనుచు గూర్చుండెను.

అసూయ పుట్టునపుడు తన పేరు చెప్పికొని పుట్టదు. లోవరాజు తన మనస్సులోని మంటకు న్యాయమనియు అనుభవమనియు పెద్దరికమనియు వేరువేరు పేర్లు పెట్టుకొనెను. సంఘాధ్యక్షుడగు పెంటయ్య వచ్చినపుడు టీ గ్లాసు మొదట నెవరికందినదో అతడు చూచుచుండెను. ఎవరైన నామెను మెచ్చుకొన్నచో ఆ మెప్పులోని ప్రతి మాటయు దనయొద్దనుండి లాగికొన్నదే యని లెక్కించుచుండెను. భార్యయగు అచ్చియ్యమ్మ యొకనాడు "ఆ పిల్ల రోజూ వచ్చి నా మోకాలి నొప్పి ఎలాగుందో అడిగెల్తంది, సొంత పిల్లలా" అనగా అతడు తినుచున్న కంచమును ప్రక్కకు నెట్టి లేచిపోయెను.

ఇట్లుండ నొకనాడు నూకరత్నము బ్యాటరీల కొట్టును దీర్ఘముగా పరిశీలించెను. ఒక్కొక్క బ్యాటరీకి మీటరు తాకించి కాగితముపై నేదో వ్రాసికొని అరచేతిని వాటి వీపులపై నానించి చూచెను. సముద్రపు టుప్పుగాలికి వాటి కొసలయందు పచ్చని చిలుము పట్టియుండెను. నడివరుసలో రెండింటి పొట్టలు ముందుకు బొడుచుకొని వచ్చియుండెను. లోవరాజు వాకిటి కడ్డముగా నిలిచి యామె చేయునది చూచుచుండెను.

"బాబాయ్, ఇవి వేసి ఎన్నేళ్లయింది?" అని యామె యడిగెను.

"ఆరేళ్లు. ఏటి, నీతో ఏమైనా మాట్టాడాయా?"

"మాట్లాడుతున్నాయి బాబాయ్. ఈ రెండూ చూడండి, పొట్ట ఉబ్బిపోయాయి. ముట్టుకుంటే మనిషి ఒంటికన్నా వేడిగా ఉన్నాయి. ఈ రేకుల కింద ఎండకి మూడేళ్లు ఉంటేనే గొప్ప. మీ చేతిలో కాబట్టి ఆరేళ్లు లాక్కొచ్చాయి."

"ఉబ్బినియ్యి రెండే కదా. ఆ రెండూ మార్సేత్తే సరిపోద్ది."

"సరిపోదు. పాతవాటి మధ్య కొత్తది పెడితే దాన్ని కూడా పాడు చేసేస్తాయి. మార్చితే పదహారూ ఒక్కసారే మార్చాలి. గోడకి కిటికీ కూడా కొట్టించాలి, లోపల పుట్టే గాలి బయటికి పోవాలి కదా." ఆమె వాని చేతివైపు చూచెను. "ఇంకో మాట బాబాయ్. ఇందులో పని చేసేటప్పుడు ఆ కడియం తీసి పక్కన పెట్టండి. రెండు కొసలకీ లోహం తగిలిందంటే చెయ్యి మాడిపోద్ది."

ఆమె చెప్పినది విద్యుత్తును గూర్చిన సత్యము. లోవరాజు విన్నది వేరు. నీ చేతులలో బెరిగినవి చచ్చిపోయినవనియు, నీ కొట్టు గాలిలేని గుహయనియు, నీ బిరుదును తీసి మూలబెట్టుమనియు నామె పలికినట్లు వానికి దోచెను. "మీ చేతిలో కాబట్టి" యన్న మాటను సయితము అతడు ఎగతాళిగానే యెంచెను.

విషయము పెంటయ్యచెవిని బడెను. ఆయన ముదిమివాడు, పడవలు మూడు గలవాడు, తొందరపడి తీర్పు చెప్పనివాడు. పడవలన్నియు నొడ్డున నున్న యొక మధ్యాహ్నమున తానే స్వయముగా గదికి వచ్చి కూర్చుండి కరెంటు లేనిచో బ్యాటరీలు గదిని ఎంతసేపు మోయునో పరీక్షింపుమనెను. లోవరాజు రొమ్ము విరిచి "రెండు గంటలు మోత్తాయండి పెంటయ్యగారూ. పూచీ నాది" అని పలికెను. నూకరత్నము కరెంటు స్విచ్ దించెను. యూపీఎస్ కీచుమని యరచి భారము నందుకొనెను. తెర వెలుగుచుండెను. లోవరాజు చిరునవ్వుతో నందరివైపు జూచుచుండ గోడగడియారమున పదకొండు నిమిషములు గడచినంతనే తెర యొకమారు వణకి చీకటియయ్యెను. పెంటయ్య వానిని నిందింపలేదు. మెల్లగా తల త్రిప్పి నూకరత్నమును జూచి "అయితే ఏం సేద్దామమ్మా?" అని యడిగెను.

పందొమ్మిది సంవత్సరములుగా నా ప్రశ్న ఆ గదిలో లోవరాజునే యడుగుచుండెడిది. నింద యైనచో అతడు సహించియుండును. ఆ ప్రశ్న ముఖము త్రిప్పికొని వేరొకరి కడకు పోవుట సహింపలేకపోయెను. నాటినుండి వానికి అన్నము రుచింపదయ్యెను.

వారము దినములకు క్రొత్తబ్యాటరీలు పదునారును వచ్చెను. అట్టపెట్టెలలో వాటిని వరుసగా గది యరుగుపై దింపించి నూకరత్నము పనికి దినమును సమయమును నిర్ణయించెను. మరునాడు మధ్యాహ్నము పడవలన్నియు నొడ్డు చేరిన పిదపనే కొట్టును ముట్టవలయుననియు, ముందుగా యూపీఎస్‌నుండి బ్యాటరీలను వేరుచేసి పిదపనే మరలు విప్పవలయుననియు, ఒక్కరుగా నెవ్వరును లోనికి బోరాదనియు చెప్పెను. చేతితొడుగులును పిడికి రబ్బరు తొడిగిన స్పానర్లును రేవులో లేకుండుటచే ఆ సాయంకాలమే కాకినాడ పోయి కొని మరునాటి తొలిబస్సులో తెత్తుననియు జెప్పి, వెడలుచు లోవరాజువైపు దిరిగి "మీరు పక్కన లేకుండా నేను ఒక్క మర కూడా విప్పను బాబాయ్" అనెను.

ఆ రాత్రి యామాటనే మరల మరల తలచుకొని అతడు దానికి తప్పుడర్థములు తీసికొనెను. పనివానిగా ప్రక్కన నిలుచుండుమని కదా దాని భావము! స్పానరు పట్టుకొని అందించుటయే కదా తనకు మిగిలినది! ఆమె బస్సు దిగివచ్చుసరికి పదునారును మార్చివైచి యరుగుమీద చుట్ట కాల్చుకొనుచు గూర్చుందునని అతడు సంకల్పించెను.

మరునాడు తెలతెలవారుచుండ అతడు గది తలుపు తెరచెను. తెరమీద ఐదు పచ్చని చుక్కలు సముద్రమున నుండెను. నాలుగు దూరముగా నుండెను. ఒకటి కోదండమను సరంగు పడవ, మొగవైపునకు దిరిగియుండెను. గాలి బలపడుచుండెను. అరగంటసేపు గది మూతబడునని వారికి చెప్పుటకు అతడు మైకు చేతికి దీసికొనెను. చెప్పినచో వారేమందురో అతని చెవిలో ముందే వినబడెను. అమ్మాయి లేదా యందురు, అమ్మాయి వచ్చినాక చేయమందురు. అతడు మైకు తిరిగి కొక్కెమునకు దగిలించెను. అరగంటలో నేమి మునుగునని తనకు దాను జెప్పికొని కంప్యూటరు నార్పి కరెంటు స్విచ్ దించి కొట్టులోనికి నడచెను.

కరెంటు స్విచ్ దించినంతమాత్రమున బ్యాటరీలలోని శక్తి చావదను సంగతి వాని కెరుకయే. ఎరిగియు నొకటిరెండు బ్యాటరీలతో మెలగిన యలవాటున పదునారింటి కూడికను దేలికగా దలచెను. మొదటి నాలుగింటిని విప్పి వాటిచోట క్రొత్తవి నాలుగింటిని బిగించెను. చెమట కన్నులలోనికి గారుచుండెను. ఐదవది యుబ్బినది. ఉబ్బిన పొట్ట చట్రమునకు బిగిసి కదలదాయెను. ఒకచేత స్పానరుతో దాని మరను ద్రిప్పుచు అదే చేతి మోచేతిని లోనికి జొనిపి గుంజెను. స్పానరు ఒక కొసను దగిలియుండ, దాని పిడికి రాచుకొనియున్న కడియము ప్రక్కబ్యాటరీ కొసపై వాలెను.

తెల్లని మెరుపొకటి కొట్టునంతటిని నింపెను. కడియము క్షణములో నెర్రబారి మణికట్టుమాంసమును గాల్చెను. లోవరాజు కేక తనకే వినబడలేదు. స్పానరు కొసకు అతుకుకొనిపోయి పొగలు గ్రక్కుచుండ, ఉబ్బిన బ్యాటరీ పైపెంకు పగిలి ఘాటైన పొగ వెడలుచుండ అతడు చట్రము ప్రక్కన కూలబడి చేయి విడిపించుకొనలేక పెనుగులాడుచుండెను.

ఆ సమయముననే నూకరత్నము చేతిసంచితో బస్సు దిగి తిన్నె యెక్కుచుండెను. రేకుల సందులనుండి వచ్చు పొగను జూచి సంచిని పారవైచి పరుగెత్తెను. గోడకానించియున్న తెడ్డును తీసికొని దాని పొడికర్రతో స్పానరును బలముగా గొట్టి విడదీసి, వాని చొక్కా మెడపట్టిని పట్టుకొని యీడ్చి యారుబయటకు దెచ్చెను. బక్కెట్లతో పరుగెత్తి వచ్చిన జనమును జూచి "కొట్టులో నీళ్లు పొయ్యకండి! తలుపులు బార్లా తియ్యండి, ఇసుక తెండి! మంచినీళ్లు ఇటు ఈయన చేతిమీద పొయ్యండి, ఆపకండి!" అని గొంతు చించుకొని యరచెను. వాని చేతిమీద చాలసేపు నీరు పోయించి కడియమును కత్తిరించి తీయించి ఆటోలో నాసుపత్రికి బంపిన పిదపగాని యామె గదిలోనికి దలయెత్తి చూడలేదు. తెర నల్లగా నుండెను.

ఆమె మరల పరుగెత్తి జెట్టీకడ గట్టియున్న పడవ యొకదానిలోనికి దుమికి దాని వైర్‌లెస్ నందుకొనెను. దూరపు పడవలు నాలుగును పలికినవి. వాటిని అచ్చటనే నిలువుమని యామె చెప్పెను. ఐదవదానినుండి కోదండము గొంతు గాలిలో దెగిదెగి వినబడెను: "అరగంట నుంచి పిలుత్తున్నానమ్మా, ఎవరూ పలకరేం? మొగలోకొచ్చేశాను, అల ఎనక్కి పోనివ్వట్లేదు. మేట ఏ పక్కనుంది సెప్పు!"

మేటల గుర్తులన్నియు నారిపోయిన కంప్యూటరులో నుండెను. వాటిని హృదయమున నుంచుకొన్న మనుష్యుడు నొప్పికి స్పృహ దప్పి ఆటోలో బోవుచుండెను. నూకరత్నము కన్నులు మూసికొని మొన్న చూచిన తెరను తలంపునకు దెచ్చికొని "దక్షిణం పక్కకి రా" అని పలికెను. పోయిన వరదకు మేట దక్షిణమునకే జరిగియుండెను. పడవ దానిపై నెక్కి ప్రక్కకొరిగెను. ఒడ్డునుండి జనులు నాటుపడవలలో పోయి యందరిని దెచ్చిరి. ప్రాణములు దక్కెను గాని ఆ పడవలో పనిచేయు పోలయ్య యను కళాసి కాలు రెండుచోట్ల విరిగెను.

ఆసుపత్రి మంచముపై కట్లతో నున్న లోవరాజును జూడ నూరివారు గుంపులుగా వచ్చిరి. వారు తమలో తామొక కథను అల్లికొని వచ్చియుండిరి. "పెద్దోడివి నీకు పని పురమాయించి తను పట్నం ఎల్లి కూకుందంట కదా! పైగా బోటుకి తప్పు దారి సెప్పింది" అని యొకరనగా, "ఆదివారం సంఘం సభలో ఆ పిల్లని పంపించేత్తారు, మళ్లీ గది నీదే" అని మరియొకరనిరి. లోవరాజు కాదనలేదు. ఔననియు ననలేదు. కన్నులు మూసికొనెను. ఆ మౌనమును వారు నొప్పియనుకొనిరి.

నాలుగు మాసములుగా అతడు కోరినది యెట్టయెదుట వచ్చి నిలిచెను. ఆమె పోవును. గది మిగులును. గొంతు మరల తనదే యగును. మొదటి దినమున దానిని నెమరువేసికొని లోలోపల నొకవిధమైన తీపి ననుభవించెను. రెండవ దినమున ఎదురుమంచముమీద పోలయ్యను దెచ్చి పడుకొనబెట్టిరి. వాని తల్లి కొడుకు కాలి ప్రక్కన నేలపై గూర్చుండి లోవరాజు చేతిని జూచి "నీకూ ఇంత కట్టం వచ్చిందా అయ్యా!" యని కన్నీరు పెట్టుకొనెను. ఆ జాలి వాని గాయముకంటె నెక్కువగా మండెను.

ఆ సాయంకాలము నూకరత్నము వచ్చెను. మంచముకడ నిలిచి యోగక్షేమము లడిగి కొంచెము తటపటాయించి "బాబాయ్, కొత్తవాటిల్లో నాలుగు బిగించారు కదా. అవి ఆ మంటలో పాతవాటితో కలిసే ఉన్నాయి. ఏవేవో గుర్తుంటే చెప్పండి, వాటిని విడిగా పరీక్షించాలి. అలాగే వాడెయ్యకూడదు" అని యడిగెను.

లోవరాజు నివ్వెరపోయి చూచెను. ఉద్యోగమే యూడిపోవుచున్న మనిషి యింకను బ్యాటరీల మంచిచెడ్డలనే తలచుచున్నది! "నే నొక్కణ్ణీ పోయి ముట్టుకున్నానని నీకు తెలుసు. ఎవరితోనూ ఎందుకనలేదు?" అని యడిగెను.

ఆమె కిటికీవైపు జూచి మెల్లగా పలికెను: "దక్షిణం అని చెప్పింది నేనే బాబాయ్. తెలీదని చెప్పకుండా ఊహించి చెప్పాను. అది నాది, సభలో నేనే చెప్పుకుంటాను. మీది మీరు చెప్పుకోవాలి గానీ నేను చెప్తే ఎలా?" మరల "ఆ జెట్టీ దగ్గర మైకు పట్టుకున్నప్పుడు నాకు ఒకటే అనిపించింది. పక్కన మీరుంటే చాలని" అనెను.

ఆ మాటకొరకే అతడు నాలుగు మాసములు లోపల కుమిలియుండెను. అది యట్టి చోట నట్టి వేళ వచ్చి చెవిని బడగా సంతోషింపను లేక యేడ్వను లేక ముఖమును గోడవైపునకు ద్రిప్పుకొనెను. ఆమె బ్యాటరీల కొట్టులో నానాడు బలికిన మాటలో నెగతాళి లేదనియు అన్నియు దాను కల్పించుకొన్నవే యనియు వానికి అప్పుడు తెలిసెను.

ఆదివారము సభ గది ముందరి యిసుకతిన్నెపై జరిగెను. నూకరత్నము లేచి తన తప్పును మాత్రమే చెప్పి కూర్చుండెను. జనములో గుసగుసలు బయలుదేరెను. పెంటయ్య తీర్పు పలుకబోవుచుండ లోవరాజు కట్టుగట్టిన చేతిని రొమ్మున కానించుకొని యచ్చియ్యమ్మ భుజమాసరాగా లేచి నిలిచెను.

"పెంటయ్యగారూ, ఆ పిల్ల నాకు పని సెప్పలేదండి. ఒద్దంది. బోట్లన్నీ ఒడ్డుకొచ్చాకే అంది. నే నొక్కణ్ణీ ఎల్లాను. బోట్లు బయటున్నాయని సూసి కూడా మాట సెప్పకుండా గది ఆర్పేశాను. సెబితే ఆ అమ్మాయి కోసం అడుగుతారని సెప్పలేదు." అతడు ఎడమచేతితో నూకరత్నమును జూపెను. "నాకు దానిమీద కుళ్లండి. అంతే. ఇంకేం లేదు. పోలయ్య కాలు ఇరగ్గొట్టింది నేను."

అచ్చియ్యమ్మ భర్త ముఖమును ఎన్నడు చూడనట్లు చూచెను. పోలయ్య తల్లి లేచి వెడలిపోయెను. పెంటయ్య "ఒరే లోవరాజూ, నువ్వు సెప్పావు కాబట్టి నిన్ను ఎల్లగొట్టను. కానీ గది తాళం ఇక నీ దగ్గరుండదు" అని చేయి చాచెను. లోవరాజు మొలత్రాటినుండి తాళపుచెవిని ఎడమచేత విప్పి యిచ్చెను. పెంటయ్య దానిని నూకరత్నము చేతిలో బెట్టెను. సత్యమును బలికిన పిమ్మటను ఆ దృశ్యమును జూచునపుడు లోవరాజు గుండెలో పాతపోటు మరల నొకమారు పొడిచెను. ఒప్పుకొనిన మాత్రమున అసూయ చావదు. దానికిని బ్యాటరీకివలె స్విచ్ దించిన పిదపను లోపల శక్తి యుండును.

కట్లు విప్పిన తరువాత వాని కుడిచేతి వ్రేళ్లు రెండు ముడుచుకొనవాయెను. కార్తిక మాసమున నొక నిశ్చలమైన మధ్యాహ్నమున పడవలన్నియు నొడ్డున వరుసగా గట్టియుండ పని మరల నారంభమయ్యెను. కొట్టు గోడకు కిటికీ వచ్చెను. నూకరత్నము బ్యాటరీలకును యూపీఎస్‌కును గల లంకెను తెంపి, మీటరుతో సరిచూచి, విప్పిన ప్రతి కొసకును రబ్బరుతొడుగు దొడుగుచు నొకదాని తరువాత నొకటిగా పాతవానిని దించెను. లోవరాజు పీటపై గూర్చుండి ఆమె విప్పినది సరిగా విప్పినదో లేదో చూచి "ఊ, తర్వాతది" యనుచుండెను. పగిలినదానిని ప్లాస్టిక్ తొట్టిలో బెట్టిరి. పాతవానిని ఇసుకలో బూడ్చుదమనిన వారిని ఆమె వారించి, సీసమును ఆమ్లమును వేరుచేసి తీసికొను కర్మాగారమునకు వాటిని లారీలో బంపించెను. క్రొత్తవానిలో మంట సోకిన నాలుగును బరీక్షలో నిలువకుండుటచే వాటిని కూడ ప్రక్కన బెట్టించి, వాటిచోటికి మరి నాలుగు వచ్చువరకు గదిని నడుపక జెట్టీపడవ వైర్‌లెస్‌తోనే వారము దినములు నెట్టుకొనివచ్చెను.

అటుపిమ్మట నొక ఉదయమున ఆమె లోవరాజు నింటికి వచ్చి యరుగుపై గూర్చుండెను. "బాబాయ్, నాకు మేటలు నేర్పండి. తెర లేకపోయినా చెప్పగలగాలి" అని యడిగెను.

లోవరాజు "అది నేర్పితే వచ్చేది కాదు" అని లోనికి బోయెను. మూడుదినములు అతడామెకు గనబడక తిరిగెను. తాళపుచెవి పోయినది, చేయి పోయినది, పేరు పోయినది. మొగను గూర్చిన యెరుక యొక్కటే తనది. దానిని గూడ నిచ్చివైచినచో తానెవరు? ఈ ప్రశ్నను అతడు మోసికొని తిరిగెను. మూడవనాటి సాయంకాలము పోలయ్య కర్రల సాయమున నడచుచు రేవునకు వచ్చి వలలమీద గూర్చుండుట అతని కంటబడెను. పోలయ్య వానిని జూచెను గాని పలుకరింపలేదు. ఆ రాత్రి లోవరాజు అచ్చియ్యమ్మతో "రేపు తెల్లారి మొగలోకెల్తున్నాను. ఆ పిల్లని రమ్మను" అని చెప్పి పడుకొనెను.

ప్రొద్దుపొడుపున చిన్న నాటుపడవలో వారిరువురును మొగలోనికి బోయిరి. గాలి పడిపోయియుండెను. పోటుతిరిగిన నీరు ఎరుపును నీలియును గలియుచోట దళసరి పట్టువలె మడతలు పడుచుండెను. ముడుచుకొనని వ్రేళ్లతో జూపలేక లోవరాజు అరచేతిని చాపి నీటిమీద ద్రిప్పెను. "అదిగో, అక్కడ నీళ్లు పాలిపోయినట్టున్నాయి సూడు. అల అక్కడ ఇరగదు, ఒళ్లు ఇరుసుకుంటది. దానికింద మేట. వరదెల్లాక మొదటి అమాసకి అది ఇటు జరుగుద్ది. ఈ సంగతి మా అయ్య నాకు సెప్పాడు. నేనెవరికీ సెప్పలేదు." అని యతడు దాచుకొన్న గురుతుల నొక్కొక్కటిగా చెప్పుచు పోయెను. ఆమె పుస్తకమున వ్రాసికొనుచుండెను. మధ్యమధ్య నొక గురుతును దాచుదమాయని వాని నాలుక తడబడెను. తడబడినచోట అతడు తెలిసి తెలిసి రెండుమార్లు చెప్పెను.

చెప్పుటకు మరేమియు మిగులని చోట అతడు చుక్కానిని వదలి ముందుభాగమునకు బోయి కూర్చుండి "ఇప్పుడు నువ్వు తిప్పు" అనెను. ఆమె వెనుకకు వచ్చి చుక్కాని పట్టెను. పడవ పాలిపోయిన నీటి యంచునుండి మెల్లగా నెడమకు దిరిగి, నల్లగా లోతుగానున్న పాయలోనికి జారెను. అడుగున నిసుక రాచుకొను చప్పుడు కొరకు లోవరాజు చెవులు రిక్కించి కూర్చుండెను. ఆ చప్పుడు వినబడవలెనని తనలో నొక మూల యింకను గోరుచున్నదేమో యని వెదకుకొనెను. ఉన్నదియే. కాని అది పడవను నడుపుచుండలేదు. ఒకరి కిచ్చుటచే దరుగని యెరుకను దాచుకొని కాపాడుకొందమను వాడు దానికి కావలివాడే గాని యేలిక కాజాలడు. సూర్యబింబము నీటిని వీడి పైకి వచ్చుచుండ ఆ చిన్నపడవ చప్పుడు లేకుండ మొగ దాటి సముద్రములోనికి బోయెను.